నాయనమ్మ సమాధి రాయి మీద ఏం రాయించాలి? తొలి క్రైస్తవులకు "నిరీక్షణ" అంటే ఏమిటి?

తెనాలి కుర్రాడు:

అందరికీ వందనాలు. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాయనమ్మ ఈ జనవరిలో ప్రభువునందు నిద్రించింది. 84 ఏళ్లు. చివరి రెండేళ్లూ మంచం మీదే ఉన్నా, రోజూ పొద్దున ఎవరో ఒకరు ఒక కీర్తన చదివి వినిపించాల్సిందే. చదివేవాళ్లు తొందరపడి ఒక వచనం మింగేస్తే చెయ్యి ఎత్తి ఆపేసేది.

ఆదరణ కూడికలో ఇద్దరు అయ్యగార్లు వాక్యం చెప్పారు. మొదటాయన "అమ్మగారు ఈ క్షణాన ప్రభువు సన్నిధిలో పాడుతున్నారు" అన్నారు. రెండో ఆయన "కడబూర మోగేదాకా విశ్రాంతిలో ఉంటారు, ఆ రోజున లేస్తారు" అన్నారు. ఇద్దరూ వచనాలు చూపించే చెప్పారు. మా చెల్లి నా చెవిలో "అన్నయ్యా, ఇంతకీ నాయనమ్మ ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు.

ఆమె బైబిలు ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొదటి థెస్సలొనీకయుల పత్రిక 4వ అధ్యాయం పక్కన పెన్సిలుతో ఐదు తేదీలు రాసి ఉన్నాయి. వాళ్ల అమ్మ, నాన్న, నెలల పిల్లగానే పోయిన ఒక పాప, మా తాతయ్య, ఆమె తమ్ముడు. ఇంట్లో ఎవరు పోయినా ఆ పేజీలోనే తేదీ రాసుకుంది. "ప్రభువు రాకడవరకు సజీవులమై నిలిచియుండు మనము" అన్న చోట "మనము" కింద రెండు గీతలు ఉన్నాయి.

నన్ను పట్టుకున్నది ఆ మాటే. పౌలు "మనము" అన్నాడంటే తను బతికుండగానే ప్రభువు వస్తాడని అనుకున్నట్టే కదా? ఆయన పోయాడు, ఆ ఉత్తరం అందుకున్నవాళ్లూ పోయారు. ఆ "మనము"లో తనూ ఉందనుకునే మా నాయనమ్మ బతికింది, ఆమే పోయింది. దాదాపు రెండు వేల ఏళ్లు. తొలి సంఘం వాళ్లు దీన్ని ఎలా తట్టుకున్నారు? కాలం అంటే వాళ్లు ఏమనుకున్నారు? ఇలా అడగడం అవిశ్వాసం అనుకోకండి, తెలుసుకుందామనే అడుగుతున్నాను.

ఇంకొకటి. మా బాబాయి ఏడాదికి రెండుసార్లు వాట్సాప్‌లో దానియేలు లెక్కలూ యుద్ధాల వార్తలూ కలిపి ఫలానా సంవత్సరం రాకడ అని పంపిస్తాడు. ప్రతిసారీ రెండు రోజులు టెన్షన్ పడతాను. తర్వాత ఏమీ జరగదు. అప్పుడు ఇంకా దిగులుగా ఉంటుంది.

రాయి చెక్కే ఆయన "జననం, మరణం, ఒక వచనం, అంతేనా?" అని అడుగుతున్నాడు. ఈస్టర్‌కు రాయి నిలబెట్టాలని నాన్న పట్టుదల. నాకేమో "మరణం" అని చెక్కించడానికి మనసు ఒప్పడం లేదు.

బెరయ విశ్వాసి:

వందనాలు తమ్ముడూ. మీ కుటుంబాన్ని దేవుడు ఆదరించును గాక.

రెండో పేతురు 3వ అధ్యాయం చదవండి. "ఆయన రాకడ గురించిన వాగ్దానం ఏమైంది" అని అప్పుడే కొందరు ఎగతాళి చేశారు. అంటే ఈ ప్రశ్న మన తరంలో పుట్టింది కాదు, బైబిలు లోపలే ఉంది. దానికి జవాబు, ప్రభువు దృష్టికి ఒక దినం వెయ్యి సంవత్సరాల లాంటిది, వెయ్యి సంవత్సరాలు ఒక దినం లాంటివి. ఆయన ఆలస్యం చేయడం లేదు, ఎవరూ నశించకూడదని ఓపిక పడుతున్నాడు. ఆ ఓపికలోనే మా నాన్న తన యాభై రెండో ఏట రక్షణలోకి వచ్చాడు. రాకడ ముందే జరిగిపోయి ఉంటే ఆయన బయట ఉండిపోయేవాడు. అందుకే ఆలస్యం అనే మాట వింటే నాకు భయం కాదు, కృతజ్ఞత కలుగుతుంది.

ఇంకో విషయం. గ్రీకు తత్వవేత్తల్లో స్తోయికులు అనేవాళ్లు కాలం చక్రం అనేవారు. లోకమంతా అగ్నిలో కాలిపోయి మళ్లీ అచ్చంగా ఇదే కథ మొదటి నుంచి నడుస్తుందని. మన తొలి సంఘ తండ్రులు దాన్ని ఒప్పుకోలేదు. క్రైస్తవులకు కాలం సరళరేఖ, మొదలు ఉంది, ముగింపు ఉంది.

సుగుణ టీచర్:

బాబూ, వందనాలు. నేను ముప్పై ఏళ్లు వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు భీమవరం దగ్గర మా ఊళ్లోనే ఉంటున్నాను. మా ఆయన పోయి ఆరేళ్లయింది. అందుకని ఇది నాకు పాఠం ఒక్కటే కాదు.

ముందు ఆ "మనము" సంగతి. పౌలు థెస్సలొనీకలో ఎక్కువ కాలం ఉండలేదు. గొడవ లేచి రాత్రికి రాత్రే బెరయకు పంపించేశారు. తర్వాత కొరింథు నుంచి ఈ ఉత్తరం రాశాడు. క్రీ.శ. 50 ప్రాంతం, అంటే సిలువ జరిగి ఇరవై ఏళ్లు. కొత్త నిబంధనలో మనకున్న అన్నిటికంటే పాత రాతల్లో ఇది ఒకటి. అక్కడివాళ్ల బెంగ ఏమిటో గమనించు. "ప్రభువు ఇంకా రాలేదేమిటి" అని కాదు. "ఆయన రాకముందే మా అమ్మ పోయింది, మరి ఆ రోజు ఆమెకు దక్కదా" అని. అచ్చంగా మీ చెల్లి అడిగిన ప్రశ్నే. పౌలు దానికి తేదీ చెప్పలేదు, వరస చెప్పాడు. పోయినవాళ్లు ముందు లేస్తారు, ఆ తర్వాత మనం. మీ నాయనమ్మ గీత గీసిన చోట నుంచి రెండు వచనాలు కిందికి వెళ్తే "వారితోకూడ ఏకముగా" అని ఉంటుంది. ఆమె గీసిన "మనము" అక్కడికి చేరుతుంది. ఐదు తేదీలూ ఆ పేజీలోనే ఎందుకు రాసిందో నాకు అర్థమవుతోంది.

పౌలు ఆ తర్వాత మనసు మార్చుకున్నాడా అంటే, తన చావు గురించి మాట్లాడే తీరు మాత్రం మారింది. ఫిలిప్పీయులకు రాసేటప్పుడు చెరసాలలో ఉన్నాడు. "వెడలిపోయి క్రీస్తుతోకూడ నుండవలెనని నాకు ఆశయున్నది" అన్నాడు. తను బతికి ఉండగా వస్తాడా, పోయాక వస్తాడా అన్నది మారినా నిరీక్షణ చెదరలేదు. ఎందుకంటే అది తేదీ మీద కట్టింది కాదు.

మరి దేని మీద కట్టింది? ఇక్కడ మన తెలుగు బైబిలు చాలా సాయం చేస్తుంది. మూడు మాటలు పట్టుకో.

మొదటిది "ఎదుర్కొనుట". "ప్రభువును ఎదుర్కొనుటకు" మేఘాల మీద కొనిపోబడతాం అని అదే అధ్యాయంలో ఉంది. ఈ రోజుల్లో ఎదుర్కోవడం అంటే పోట్లాట, సమస్య. పాత తెలుగులో అది పెళ్లి మాట. మా వీధిలో కిందటి మాఘంలో పెళ్లి జరిగింది. మగపెళ్లివారి బస్సు ఊరి చివర రావిచెట్టు దగ్గర ఆగగానే ఆడపెళ్లివారు మేళంతో, పానకం బిందెతో ఎదురు వెళ్లారు. పన్నీరు చల్లారు. ఇంటాయన అరవై దాటిన మనిషి, చెప్పులు కూడా మరిచిపోయి పరుగెత్తాడు. ఎదురు వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోరు కదా. పెళ్లికొడుకును వెంటబెట్టుకుని ఊళ్లోకి వస్తారు. గ్రీకులో పౌలు వాడిన మాట కూడా సరిగ్గా అలాంటిదే. రాజో అధిపతో ఊరికి వస్తుంటే జనం పొలిమేర దాటి ఎదురు వెళ్లి లోపలికి తోడుకొని రావడం. పదిమంది కన్యకల ఉపమానంలో "ఎదుర్కొన రండి" అన్నా అదే మాట. పౌలు రోమాకు వస్తుంటే సహోదరులు దారిలోకి ఎదురు వచ్చారని అపొస్తలుల కార్యాల చివరి అధ్యాయంలో ఉన్నదీ అదే. కాబట్టి మనం ఈ లోకాన్ని వదిలేసి పారిపోవడం గురించి పౌలు చెప్పడం లేదని నేను నమ్ముతాను. వచ్చేవాడు ఇక్కడికే వస్తున్నాడు.

రెండోది "సంచకరువు". ఎఫెసీయులకు రాసిన పత్రిక 1వ అధ్యాయం, పరిశుద్ధాత్మ మన స్వాస్థ్యానికి సంచకరువు అని. నా విద్యార్థుల్లో సగం మందికి ఈ మాట అర్థం తెలిసేది కాదు, బైబిల్లో తప్ప ఇంకెక్కడా వినం కాబట్టి. సంచకరువు అంటే బయానా, అడ్వాన్సు. గ్రీకులో అర్రబోన్. అది బజారు మాట. ఈజిప్టు ఇసుకలో దొరికిన పాత కాగితాల్లో ఆవును అమ్మిన ఒక స్త్రీ కొనేవాడి దగ్గర తీసుకున్న అడ్వాన్సుకు కూడా ఇదే పదం రాసుకున్నారు. నేటి గ్రీకువాళ్లు నిశ్చితార్థాన్ని ఈ మాటతోనే పిలుస్తారు.

మా నాన్న అర ఎకరం చేను కొన్నది నాకు గుర్తుంది. నాకు తొమ్మిదేళ్లు. నూటొక్క రూపాయి తమలపాకులో పెట్టి ఇచ్చాడు, అమ్మే ఆయన కళ్లకద్దుకుని తీసుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఆర్నెల్ల తర్వాత. కానీ మర్నాడు పొద్దున్నే నాన్న ఆ చేనుకు వెళ్లి గట్టు మీద కలుపు పీకడం మొదలుపెట్టాడు. అమ్మ "ఇంకా మనది కాలేదు కదండీ" అంటే "బయానా ఇచ్చాం కదా" అన్నాడు. తొలి క్రైస్తవులు కాలాన్ని ఎలా చూశారని నన్ను ఎవరు అడిగినా నేను ఆ గట్టే చూపిస్తాను. రావలసింది ఇంకా రాలేదు, కానీ బేరం కుదిరిపోయింది. ఇంకో తేడా ఉంది. మా నాన్న తనే ఇచ్చాడు, ఇక్కడ మాత్రం ఇచ్చింది దేవుడు, పుచ్చుకున్నది మనం. కాబట్టి మాట నిలబెట్టుకోవలసిన భారం ఆయనది.

పౌలు ఇంకో చోట "ప్రథమఫలము" అన్నదీ ఇదే. క్రీస్తు లేవడం ఒక్కరికి జరిగిన అద్భుతం కాదు, రాబోయే కోతలో మొదటి పన. చేలో మొదటి పన ఇంటికి వచ్చిందంటే కోతలు మొదలైనట్టే.

మూడోది "నిరీక్షణ". మామూలు తెలుగులో దీనికి అర్థం ఎదురుచూపు. మన బైబిలు అనువదించినవాళ్లు "ఆశ" అనే మాట చేతిలో ఉండగా దీన్ని ఎంచుకున్నారు. రోమా 8:25 చూడు, "మనము చూడనిదానికొరకు నిరీక్షించినయెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము." కనిపెట్టడం అన్నా ఇక్కడ కాచుకుని ఉండటమే. 130వ కీర్తనలో కావలివాడు ఉదయం కోసం కనిపెట్టినట్టు. కావలివాడికి తెల్లారుతుందా లేదా అన్న అనుమానం ఉండదు. రాత్రి పొడుగే అతని కష్టం. ఆశ అంటే జరగొచ్చు, జరగకపోవచ్చు. నిరీక్షణ అలాంటిది కాదు.

సరళరేఖ గురించి బెరయ విశ్వాసి గారు రాసింది తప్పనను, కానీ నాకు అది చాలదు. క్రీ.శ. 180 ప్రాంతంలో లియోనులో, అంటే ఇప్పటి ఫ్రాన్సులో, ఐరేనియస్ అనే బిషప్ ఉండేవాడు. చిన్నప్పుడు స్ముర్నలో అక్కడి వృద్ధ బిషప్ పాలికార్పు బోధ స్వయంగా విన్నవాడు. ఐరేనియస్ మాటల్లో క్రీస్తు ఆదాము నడిచిన దారిని మళ్లీ మొదటి నుంచి నడిచాడు. ఆదాము పడిన చోటల్లా ఈయన నిలబడ్డాడు. శిశువై శిశువులను, బాలుడై బాలురను, యువకుడై యువకులను, పెద్దవాడై పెద్దవాళ్లను పరిశుద్ధపరిచాడు అంటాడు. యేసుకు యాభై దగ్గర పడిందని కూడా వాదిస్తాడు. ఆ లెక్కను ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. కానీ ముసలితనాన్ని కూడా ప్రభువు ముట్టుకోకుండా వదల్లేదు అని చెప్పాలన్న ఆయన ఆరాటం నాకు ఇష్టం. మంచం మీద ఆ రెండేళ్లు కూడా అందులోకే వస్తాయి. రేఖ అంటే గడిచింది వెనకపడిపోతుంది. ఐరేనియస్ చెప్పేదాంట్లో ఏదీ వెనకపడదు, అన్నీ క్రీస్తులోకి పోగుపడతాయి.

ఆదివారం సంగతి కూడా చెప్పాలి. తొలి సంఘం ఆదివారాన్ని మొదటి దినం అంటూనే ఎనిమిదో దినం అని కూడా పిలిచింది. వారానికి ఏడు రోజులే కదా. ఎనిమిదోది ఈ లెక్కలో పట్టని రోజు, కొత్త లోకం మొదటి రోజు. ఆ రోజున మోకరించకూడదు, నిలబడి ప్రార్థన చేయాలి అన్నారు. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ ఇరవయ్యో నియమంగా దీన్నే రాసింది. లేచినవాళ్లు కదా, అందుకని నిలబడతారు. రాబోయే లోకాన్ని వారానికోసారి కాళ్లతో అభ్యాసం చేశారన్నమాట.

ఇక నాయనమ్మ ఇప్పుడు ఎక్కడుంది అన్నది. మీ ఇద్దరు అయ్యగార్లదీ వాక్యమే. ప్రకటన 6వ అధ్యాయంలో హతసాక్షుల ఆత్మలు బలిపీఠం కింద ఉన్నాయి, దేవుని సన్నిధిలోనే. అయినా "ఎందాక?" అని అడుగుతున్నాయి. వాళ్లకు తెల్లని వస్త్రాలు ఇచ్చి ఇంకొంచెం కాలం విశ్రమించమన్నారు. ఆయన దగ్గర ఉండటం నిజమే, కాచుకుని ఉండటమూ నిజమే. తొలి తండ్రుల్లో జస్టిన్, ఐరేనియస్ లాంటివాళ్లు ఆత్మ పైకి వెళ్లిపోవడంతో కథ అయిపోయిందంటే గట్టిగా ఎదురు చెప్పారు. దేహం లేచేదాకా అయిపోలేదు అన్నారు. కాబట్టి మీ చెల్లికి చెప్పు, నాయనమ్మ ప్రభువు దగ్గర ఉంది, మనతో పాటు ఆమె కూడా ఎదురుచూస్తోంది.

మీ బాబాయి గారికి ఒక సంగతి వినిపించు. 204 ప్రాంతంలో హిప్పోలిటస్ అనే ఆయన దానియేలు గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ తన రోజుల్లో జరిగినవి రెండు చెప్పాడు. సిరియాలో ఒక సంఘ పెద్ద క్రీస్తును కలుసుకోవడానికని ఆడవాళ్లతో పిల్లలతో సహా జనాన్ని ఎడారికి తీసుకెళ్లాడు. కొండల్లో దారి తప్పి తిరుగుతుంటే దొంగలనుకుని అధికారి పట్టి చంపబోయాడు. ఆ అధికారి భార్య విశ్వాసి కాబట్టి బతికారు. ఇప్పటి టర్కీలోని పొంతులో ఇంకొకాయన కలలు కని ఏడాదిలోపు తీర్పు అన్నాడు. నమ్మినవాళ్లు పొలాలు బీడు పెట్టారు, ఉన్నది అమ్ముకున్నారు. ఏడాది తిరిగేసరికి అడుక్కునే గతి పట్టింది. లెక్క వేసి భయపెట్టడం అంత పాతది, దాని ఫలితమూ అంత పాతదే. నాన్న గట్టు మీద కలుపు పీకాడు, వాళ్లు పొలం వదిలేశారు. నిరీక్షణకూ దానికీ తేడా అక్కడ ఉంది.

తెనాలి కుర్రాడు:

టీచర్ గారూ, మీరు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. "సంచకరువు" దగ్గర నాన్న లేచి వెళ్లి నాయనమ్మ బైబిల్లో ఎఫెసీ తీసి చూశాడు. అక్కడ కూడా గీత ఉంది.

ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. ఆ ఐదు తేదీల్లో చివరిది ఆమె తమ్ముడిది, 2021 మే. కరోనా. ఆసుపత్రి నుంచి మాకు అప్పగించలేదు, వాళ్లే తీసుకెళ్లి దహనం చేసేశారు. తర్వాత ఒక కుండ ఇచ్చారు. మా వాళ్లలో దహనం అలవాటు లేదు. సంఘంలో ఒకరు "మరి ఆయన ఎలా లేస్తాడు" అనేశారు. నాయనమ్మ ఆ మాట చనిపోయేదాకా మర్చిపోలేదు. రాత్రిళ్లు నన్ను అడిగేది, "నా తమ్ముడికి మన్ను కూడా దక్కలేదురా" అని. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

సుగుణ టీచర్:

బాబూ, ఇది ఆమె ఉండగా ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఇప్పుడైనా విను.

177లో అదే లియోనులో పెద్ద హింస జరిగింది. తొంభై దాటిన బిషప్ పోతినస్ చెరలో చనిపోయాడు. బ్లాందినా అనే బానిస పిల్ల చిత్రహింసలు భరించి అరేనాలో ప్రాణం విడిచింది. బతికి ఉన్నవాళ్లు ఆసియ, ఫ్రుగియ సంఘాలకు ఉత్తరం రాశారు. సంఘ చరిత్ర రాసిన యూసేబియస్ తన పుస్తకంలో దాన్ని దాచి ఉంచాడు. చంపినవాళ్లు దేహాలను ఆరు రోజులు ఆరుబయట పడేసి, పాతిపెట్టనివ్వలేదు. తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారు. ఎందుకంటే, "వీళ్ల ధైర్యమంతా పునరుత్థానమే కదా, ఇప్పుడు లేస్తారేమో చూద్దాం" అని. ఆ మాటను ఆ సంఘమే కాగితం మీద పెట్టింది. పాతిపెట్టలేకపోయామని ఎంత ఏడ్చారో కూడా రాసుకున్నారు. అయినా తమవాళ్లు లేవరని ఒక్క అక్షరం రాయలేదు. ఆ నది ఒడ్డునే కొన్నేళ్లకు ఐరేనియస్ బిషప్ అయి, దేహం లేస్తుందని పుస్తకాలు రాశాడు. బూడిద కూడా మిగలని ఊరి నుంచి.

అదే రోజుల్లో, లేదా కొంచెం తర్వాత, మినూసియస్ ఫెలిక్స్ అనే లాటిన్ రచయిత దీనికి తిన్నగానే జవాబు చెప్పాడు. ఏ రకంగా సాగనంపినా మాకు నష్టమని మేం భయపడం, పాతిపెట్టడం పాత ఆచారం, మంచి ఆచారం కాబట్టి పాటిస్తాం, అంతే అన్నాడు.

ఇంకొకటి నాకు చాలా ప్రియమైనది. 379లో పొంతులో మక్రినా అనే సన్యాసిని మరణశయ్య మీద ఉంది. అప్పటికే పెద్ద తమ్ముడు బాసిలు పోయాడు. ఇంకో తమ్ముడు, నిస్సా బిషప్ గ్రెగొరీ, దుఃఖంతో ఆమె దగ్గరికి వచ్చాడు. ఆయన రాసిన సంభాషణలో ఏడ్చేది బిషప్, ఓదార్చి పాఠం చెప్పేది అక్క. దేహం ఎక్కడెక్కడికో చెదిరిపోతే ఎలా అని ఆయన అడుగుతాడు. ఆమె కుండల పోలిక చెబుతుంది. రకరకాల కుండలు పగిలి పెంకులన్నీ కలిసిపోయినా, ఏ పెంకు ఏ కుండదో వాటి సొంతదారు గుర్తుపడతాడు. అలాగే ఆత్మ తన దేహాన్ని ఎరుగుతుంది.

మీకు ఒక కుండ ఇచ్చారన్నావు కదా. అందుకే ఇది రాయాలనిపించింది.

పాటల పుస్తకం:

వందనాలు. నేను గుంటూరులో చర్చి కోయిర్‌కు పాటలు నేర్పుతాను. టీచర్ గారంత చదువుకోలేదు. కానీ కాలం గురించి అడిగారు కాబట్టి అగస్టీను పేరు లేకుండా ఈ చర్చ పూర్తి కాదనిపించి రాస్తున్నాను.

ఆయన ఉత్తర ఆఫ్రికాలో హిప్పో బిషప్. 400 ప్రాంతంలో రాసిన ఆత్మకథలో పదకొండో భాగమంతా కాలం గురించే. కాలం అంటే ఏమిటో ఎవరూ అడక్కపోతే నాకు తెలుసు, అడిగినవాడికి చెప్పబోతే తెలియదు అంటాడు. గడిచింది ఇప్పుడు లేదు, రాబోయేది ఇంకా లేదు, ఉన్న క్షణానికేమో వెడల్పు లేదు. మరి కాలం ఎక్కడుంది? మనసులో ఉంది అంటాడు. గడిచిందాన్ని జ్ఞాపకంగా, ఉన్నదాన్ని గమనికగా, రాబోయేదాన్ని ఎదురుచూపుగా మనసు పట్టుకుంటుంది.

దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ పాట. కంఠస్థం వచ్చిన ఒక కీర్తన పాడబోతాను. మొదలుపెట్టకముందు కీర్తనంతా నా ఎదురుచూపులో ఉంది. పాడుతున్నకొద్దీ ఒక్కో మాటా ఎదురుచూపు నుంచి జారి జ్ఞాపకంలోకి వెళ్తుంది. చివరికి అంతా జ్ఞాపకం అవుతుంది. ఒక మాటకు జరిగేదే మొత్తం పాటకు, ఒక మనిషి బతుక్కి, మనుషులందరి చరిత్రకు జరుగుతుంది అంటాడు. ఇది నేను ప్రతి శనివారం ప్రాక్టీసులో చూస్తాను. మూడో చరణం రాబోతోందని తెలిసినవాళ్లు రెండో చరణం చివర ఊపిరి సరిగ్గా తీసుకుంటారు. తెలియనివాళ్లు ఊపిరి అయిపోయి మధ్యలో తెంపేస్తారు. రాబోయేది ఇప్పుడు పాడే గొంతులోనే పనిచేస్తుంది.

మీ నాయనమ్మ కూడా వచనం మింగేస్తే చెయ్యి ఎత్తేదన్నారు. ఆమెకు కీర్తన అంతా తెలుసు, తర్వాతి మాట కోసం చూస్తోంది.

అగస్టీను అమ్మ మోనికా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 387లో ఆఫ్రికాకు తిరిగి వెళ్లడానికి ఇటలీ రేవు ఓస్తియాలో ఆగినప్పుడు జ్వరంతో పోయింది, 56 ఏళ్లు. అంతకుముందు సొంత ఊళ్లో భర్త పక్కనే తనను పెట్టాలని ఎంతో పట్టుపట్టిన మనిషి. చివర్లో ఆ పట్టు వదిలేసి, ఈ దేహాన్ని ఎక్కడైనా పెట్టండి, బెంగపెట్టుకోకండి అంది. ఊరికి ఇంత దూరంలో పాతిపెడితే భయం లేదా అని ఎవరో అడిగితే, దేవుడికి ఏదీ దూరం కాదు, యుగాంతాన నన్ను ఎక్కడి నుంచి లేపాలో ఆయనకు తెలియదేమోనన్న భయం అక్కర్లేదు అని చెప్పింది. ఆ మాట మీ నాయనమ్మ తమ్ముడికి కూడా చెందుతుంది.

బెరయ విశ్వాసి:

టీచర్ గారూ, సరళరేఖ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివారం నిలబడి ప్రార్థన సంగతి మా సంఘంలో చెప్పాలనుంది. తమ్ముడూ, రాయి సంగతి ఏం చేశారు?

సుగుణ టీచర్:

రాయి గురించి నేను చెప్పడం మరిచాను. గ్రీకులో సమాధుల తోటకు తొలి క్రైస్తవులు పెట్టుకున్న పేరుకు అర్థం "నిద్రపోయే చోటు". "నిద్రించెను" అని మన రాళ్ల మీద ఉండటం అక్కడి నుంచి వచ్చిందే.

తేదీ రాయడానికి స్ముర్న సంఘం ఒక పద్ధతి చూపించింది. 155 ప్రాంతంలో పాలికార్పును చంపినప్పుడు ఆ వృత్తాంతం చివర నెల, రోజు, గంట రాశారు. ప్రధాన యాజకుడు ఫలానా, అధిపతి స్తాతియుస్ క్వద్రాతుస్ అని రాశారు. అప్పట్లో తేదీ వేయాలంటే ఎవరి పాలనో చెప్పాలి కదా. ఆ వరసలోనే, "యేసు క్రీస్తు నిత్యం రాజుగా ఉండగా" అని కలిపారు. ఆ రోజును ఏటా ఆయన పుట్టినరోజుగా జరుపుకుంటామనీ రాసుకున్నారు. చనిపోయిన రోజుకు వాళ్లు పెట్టిన పేరు అది.

తెనాలి కుర్రాడు:

నిన్న సాయంత్రం రాయి చెక్కే ఆయన దగ్గరికి నాన్నా నేనూ వెళ్లాం. "మరణం" తీసేసి "నిద్రించినది" అని పెట్టమన్నాం. తేదీ కింద "క్రీస్తు రాజై యుండగా" అని ఇంకో వరస. ఆయన నల్లరాయి మీద సుద్దముక్కతో రాసి చూపించాడు. "నిరీక్షణ" ఎక్కడ పెట్టాలి అంటే అన్నిటికంటే కింద, ఒంటరిగా పెట్టమన్నాడు నాన్న. "ఒక్క మాటేనా, వాక్యం పూర్తి చేయరా?" అని ఆయన అడిగాడు. అలాగే ఉంచమన్నాం.

తమ్ముడు తాతయ్య కుండ ఇన్నేళ్లూ వాళ్ల ఇంట్లో అటక మీదే ఉందట, ఏం చేయాలో తెలియక. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్లేటప్పుడు దాన్ని తీసుకొస్తామన్నారు. నాయనమ్మ పక్కన మూడడుగుల జాగా ఉంది. గొయ్యి తవ్వే మనిషితో నాన్న మాట్లాడేశాడు.